కాలిఫోర్నియాలో ఇంటికి అలారం పెట్టిస్తున్నారా? కంపెనీ లైసెన్సు, ఏజెంటు రిజిస్ట్రేషన్, సిటీ పర్మిట్ చూసుకునే పద్ధతి

ఫ్రీమాంట్, డబ్లిన్, శాన్ రామన్ వైపు కొత్తగా ఇల్లు కొన్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "అలారం పెడతామని తలుపు తట్టి వచ్చారు, ఈ కంపెనీని నమ్మొచ్చా?" చాలామంది రివ్యూలు చూసి నిర్ణయం తీసుకుంటారు. రివ్యూల సంగతి తర్వాత. ముందు చూడాల్సినవి మూడు రిజిస్ట్రేషన్లు.

ఒకటి కంపెనీ పేరు మీద ఉండాలి. రెండోది మీ గుమ్మంలో నిలబడ్డ మనిషి పేరు మీద ఉండాలి. మూడోది, మీ ఊరి నిబంధనలు అడిగితే, మీ పేరు మీదే ఉండాలి. మొదటిది ఉంటే మిగతా రెండూ ఉన్నట్టే అనుకోవడం దగ్గరే చిక్కులు మొదలవుతాయి.

ఇక్కడ రాసింది కాలిఫోర్నియా నియమాల ప్రకారం. టెక్సాస్, జార్జియా, న్యూజెర్సీ, వర్జీనియాల్లో ఎవరిని అడగాలో చివర్లో ఉంది.

## 1. ముందు ఇది తెలుసుకోండి: ఏ పనికి ఏ లైసెన్సు

కాలిఫోర్నియాలో అలారం కంపెనీలకు లైసెన్సు ఇచ్చేది బ్యూరో ఆఫ్ సెక్యూరిటీ అండ్ ఇన్వెస్టిగేటివ్ సర్వీసెస్. పొట్టిగా బీఎస్ఐఎస్ అంటారు. ఇది రాష్ట్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ, అంటే డీసీఏ కింద పనిచేస్తుంది. దీనికి ఆధారం అలారం కంపెనీ యాక్ట్. బిజినెస్ అండ్ ప్రొఫెషన్స్ కోడ్‌లో 7590వ సెక్షన్ నుంచి మొదలవుతుంది.

దొంగల అలారాన్ని మీ ఇంటికి వచ్చి అమ్మినా, బిగించినా, రిపేరు చేసినా, మానిటరింగ్ (అలారం సిగ్నల్‌ను దూరంగా ఒక సెంటర్ నుంచి కనిపెట్టి ఉండటం) చేసినా, అలారం మోగితే మనిషిని పంపినా ఆ వ్యాపారానికి అలారం కంపెనీ ఆపరేటర్ లైసెన్సు కావాలి. దీని నంబరు ముందు ఏసీఓ అనే మూడక్షరాలు ఉంటాయి.

షాపులో డబ్బా అమ్మి ఊరుకునే వ్యాపారికి ఈ లైసెన్సు అక్కర్లేదు. మీరు కొనుక్కుని మీరే గోడకు అతికించుకుంటే బిగించినవాడి లైసెన్సు అన్న ప్రశ్నే రాదు. కానీ ఆ డబ్బాకు నెలనెలా డబ్బు కట్టి మానిటరింగ్ తీసుకుంటే, మానిటరింగ్ చేసే కంపెనీకి లైసెన్సు ఉండాల్సిందే. "నేనే పెట్టుకున్నాను కదా, ఇవన్నీ నాకెందుకు" అనేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు.

అందరూ తికమకపడేది కెమెరాలు, ఫైర్ అలారాల దగ్గర:

- కెమెరాలు మాత్రమే అయితే: ఇది తక్కువ వోల్టేజీ వైరింగ్ పని. దీనికి కాంట్రాక్టర్ల బోర్డు, అంటే సీఎస్ఎల్‌బీ ఇచ్చే సీ-7 లైసెన్సు గానీ, ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ల సీ-10 గానీ చూడండి.
- అలారంతో కలిపి కెమెరాలు అయితే: ఏసీఓ లైసెన్సు ఉన్న కంపెనీయే చేయొచ్చు.
- ఫైర్ అలారం సిస్టం అయితే: అలారం కంపెనీ చట్టంలోని 'అలారం సిస్టం' నిర్వచనంలో అగ్నిమాపక వ్యవస్థ లేదు. సీ-7 లైసెన్సు కూడా దీనికి పనికిరాదు. సీ-10 అడగండి.

## 2. కంపెనీకి ఫోన్ చేసే ముందు ఇంట్లో చేసుకోవాల్సిన పని

పాత ఇల్లు కొన్నవాళ్లు ముందు గోడ మీద ప్యానెల్ ఉందేమో చూడండి. ఉంటే దాని కంపెనీ పేరు రాసుకోండి. అది పాత యజమాని కాంట్రాక్టు, అతనితోనే పోతుంది. "ఈ ఇంటికి కాంట్రాక్టు ఆల్రెడీ ఉంది, పేరు మార్చుకుంటే చాలు" అని ఎవరైనా అంటే సంతకం పెట్టకండి. మీరు పెట్టేది కొత్త కాంట్రాక్టు మీదే.

ఫోన్ తీసే ముందు ఇవి ఒక కాగితం మీద ఉండాలి:

- బయటికి తెరుచుకునే తలుపులు ఎన్ని, కింది అంతస్తు కిటికీలు ఎన్ని
- గరాజ్ నుంచి ఇంట్లోకి వచ్చే తలుపుకు సెన్సర్ కావాలా (కావాలి, దీన్ని చాలామంది వదిలేస్తారు)
- ఇంట్లో పెంపుడు జంతువు ఉందా, రాత్రిపూట లేచి తిరిగే పెద్దవాళ్లు ఉన్నారా
- డిసెంబరులో ఇండియా వెళ్తే ఫోన్ ఎత్తి ఇంటికి వెళ్లి చూడగలిగేవాళ్లు ఎవరు, ఇద్దరి పేర్లు
- హోమ్ ఓనర్స్ అసోసియేషన్ ఉంటే, బయట కెమెరాలు పెట్టడానికి వాళ్ల అనుమతి కావాలా
- అద్దె ఇల్లు అయితే యజమాని రాతపూర్వక అనుమతి
- ఇన్సూరెన్స్ కంపెనీ తగ్గింపు ఇస్తుందా, ఇస్తే ఏ సర్టిఫికెట్ అడుగుతుంది

పండగలకీ పెళ్లిళ్లకీ బంగారం లాకర్ నుంచి ఇంటికి తెచ్చుకునే అలవాటు మన ఇళ్లలో ఉంది. ఆ మాట అలారం అమ్మడానికి వచ్చినవాడికి చెప్పకండి. సెన్సర్ ఎక్కడ కావాలో చెప్తే చాలు, బీరువాలో ఏముందో అతనికి అనవసరం.

## 3. కంపెనీ లైసెన్సు వెతకడం

దీనికి డబ్బు కట్టక్కర్లేదు, ఎవరినీ అడగక్కర్లేదు. డీసీఏ వెబ్‌సైట్‌లో లైసెన్సు సెర్చ్ పేజీ ఉంది. ఈ వరసలో చేయండి.

మొదట కంపెనీ నుంచి ఏసీఓ నంబరు తీసుకోండి. ప్రకటన మీదో, వెబ్‌సైట్ అడుగునో, విజిటింగ్ కార్డు మీదో ఉంటుంది. అడిగితే చెప్పడానికి నీళ్లు నమిలే కంపెనీతో అక్కడితో ఆపేయండి.

తర్వాత సెర్చ్ పేజీలో బీఎస్ఐఎస్ ఎంచుకుని, లైసెన్సు రకంలో అలారం కంపెనీ ఆపరేటర్ పెట్టి నంబరు కొట్టండి.

ఆపైన వచ్చిన పేజీలో నాలుగు విషయాలు చూడండి:

- పేరు. కాంట్రాక్టు మీద ఉన్న పేరుతో అక్షరం అక్షరం కలవాలి. మార్కెటింగ్ పేరు ఒకటి, లైసెన్సు పేరు ఇంకొకటి ఉంటే ఆ రెంటికీ సంబంధం ఏమిటో రాతలో అడగండి.
- స్టేటస్. అమల్లో ఉన్నట్టు చూపించాలి. గడువు తీరింది, బకాయి పడింది, సస్పెండ్ అయింది, రద్దయింది అనే మాటల్లో ఏది కనిపించినా సంతకం వద్దు.
- గడువు తేదీ. లైసెన్సు 2 సంవత్సరాలకోసారి రెన్యువల్ అవుతుంది.
- క్రమశిక్షణ చర్యలు. ఏమైనా ఉంటే అదే పేజీలో పత్రాలు కనిపిస్తాయి. తెరిచి చదవండి, శీర్షిక చూసి భయపడొద్దు. రుసుం ఆలస్యంగా కట్టడం వేరు, వినియోగదారుణ్ణి మోసం చేయడం వేరు.

చివరగా ఆ పేజీని తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి దాచండి. తర్వాత గొడవ వస్తే, సంతకం పెట్టిన రోజున లైసెన్సు ఏ స్థితిలో ఉందో చెప్పే రుజువు ఇదే.

నంబరుతో కాకుండా పేరుతో వెతికితే ఒకే రకం పేర్లున్న కంపెనీలు బారులు తీరతాయి. వాటిలో ఒకటి చూసి "ఉందిలే" అనుకోవడం మామూలు పొరపాటు. ఎప్పుడూ నంబరుతోనే వెతకండి.

## 4. గుమ్మంలో ఉన్న మనిషి రిజిస్ట్రేషన్

మనవాళ్లు దాదాపు ఎవరూ చూడనిది ఇదే. నా లెక్కలో కంపెనీ లైసెన్సు కంటే ముఖ్యమైనది కూడా ఇదే. ఎందుకంటే మీ ఇంటి తలుపులు, కిటికీలు, ఎప్పుడు ఖాళీగా ఉంటుందో తెలుసుకునేది కంపెనీ కాదు, ఈ మనిషి.

ఇంటికి వచ్చి అమ్మే, బిగించే, రిపేరు చేసే, మానిటరింగ్ చేసే ఉద్యోగులు విడిగా బీఎస్ఐఎస్‌లో అలారం ఏజెంటుగా రిజిస్టర్ కావాలి. వేలిముద్రలిచ్చి, రాష్ట్ర న్యాయ శాఖ, ఎఫ్‌బీఐ రెండిటి దగ్గరా నేరచరిత్ర తనిఖీ దాటాలి. డ్యూటీలో ఉన్నప్పుడు రిజిస్ట్రేషన్ కార్డు దగ్గర ఉంచుకోవాలి. ఆఫీసులో కాగితాల పని మాత్రమే చేసేవాళ్లకు ఇది వర్తించదు.

చేయాల్సింది ఇంతే:

1. తలుపు పూర్తిగా తీయకుండా కార్డు చూపించమనండి. కంపెనీ బొమ్మ ఉన్న మెడ పట్టీ కార్డు కాదు, బీఎస్ఐఎస్ కార్డు.
2. పేరు, నంబరు ఫోన్‌లో ఫొటో తీసుకోండి.
3. "ఇప్పుడు కుదరదు, నంబరు చూసుకుని నేనే ఫోన్ చేస్తాను" అని పంపేయండి.
4. అదే సెర్చ్ పేజీలో లైసెన్సు రకం మార్చి ఏజెంటు పేరు, నంబరు చూడండి.
5. తర్వాత కంపెనీ ప్రధాన నంబరుకు ఫోన్ చేయండి. అతను ఇచ్చిన నంబరుకు కాదు, వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు. ఈ పేరు గల ఏజెంటు మీ దగ్గర పనిచేస్తున్నాడా అని అడగండి.

"అప్లికేషన్ పెట్టాను, కార్డు ఇంకా రాలేదు" అంటే అది నిజమూ కావొచ్చు. అయినా కంపెనీ నోటి నుంచి వినేదాకా ఇంట్లోకి రానివ్వక్కర్లేదు. "ఈ ఆఫర్ ఇవాళ్టితో సరి" అనే మాట వింటే రెండో అడుగు దగ్గరే ఆపేయొచ్చు. రేపు కూడా అదే ధర ఉంటుంది.

ఇంకో పాత ఎత్తు ఉంది. "మీ సిస్టం పాతబడింది, నెట్‌వర్క్ ఆగిపోతుంది, అప్‌గ్రేడ్ చేయాలి, మీ కంపెనీ నుంచే వచ్చాను" అంటారు. 2022లో పాత అలారాలు వాడే 3జీని సెల్ కంపెనీలు ఆపేసినప్పుడు ఈ మాటలో కొంత నిజం ఉండేది, దాన్ని పట్టుకుని వేరే కంపెనీ ఏజెంట్లు ఉన్న కాంట్రాక్టు మీద కొత్త కాంట్రాక్టు రాయించేవాళ్లు. మీ కంపెనీ అప్‌గ్రేడ్ చేయాలంటే ముందుగా మీకు చెప్పి అపాయింట్‌మెంట్ తీసుకుంటుంది.

వేసవి సెలవుల్లో ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటారు, పగలు ఇంట్లో వాళ్లే ఉంటారు. వాళ్లకు ఒక్క మాట నేర్పండి: "అబ్బాయి సాయంత్రం వస్తాడు, అప్పుడు ఫోన్ చేయండి." ట్యాబ్లెట్ మీద వేలితో గీసినా అది సంతకమే అని కూడా చెప్పండి.

## 5. కాంట్రాక్టు చదవడం

అలారం కంపెనీ చట్టంలో 7599.54 సెక్షన్ ప్రకారం ఒప్పందం రాతలో ఉండాలి. అందులో ఏమేం ఉండాలో కూడా సెక్షనే చెప్తుంది. కాబట్టి మీరు లాయరు కానక్కర్లేదు, టిక్కులు పెట్టుకుంటూ పోతే సరిపోతుంది.

కాగితం మీద తప్పనిసరిగా ఉండాల్సినవి:

- కంపెనీ పేరు, వ్యాపార చిరునామా, ఫోన్, ఏసీఓ నంబరు
- మీతో మాట్లాడి ఒప్పించిన ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు
- పని మొదలయ్యే తేదీ, పూర్తయ్యే తేదీ, సుమారుగా అయినా
- ఏ పరికరాలు, ఏ పని, ఎంత డబ్బు
- సిస్టంలో ముఖ్యమైన భాగాల వివరణ
- అలారం కంపెనీలను బీఎస్ఐఎస్ నియంత్రిస్తుందనే ప్రకటన, బీఎస్ఐఎస్ చిరునామాతో సహా
- పని పూర్తయ్యాక వాడకం మీకు పూర్తిగా నేర్పుతామనే మాట
- మీరు రద్దు చేసుకునే హక్కు గురించిన నోటీసు

వీటిలో ఏజెంటు నంబరు గడి ఖాళీగా ఉండటం తరచూ జరుగుతుంది. "తర్వాత సిస్టమే నింపుతుంది" అంటారు. నింపాకే సంతకం.

ఆటోమేటిక్ రెన్యువల్. మొదటి గడువు తీరాక ఒప్పందం దానంతటదే పొడిగించుకుంటుందని చాలా కాంట్రాక్టుల్లో ఉంటుంది. నెలకు నెల పొడిగితే పెద్ద ఇబ్బంది లేదు. ఏడాది చొప్పున పొడిగితే ఇల్లు మారినప్పుడు చిక్కు. ఒక నెలకు మించి పొడిగించే షరతు ఉంటే దాన్ని విడిగా, స్పష్టంగా చూపించి, మీ సంతకం విడిగా తీసుకోవాలి. ఆ రెండో సంతకం గడి కనిపిస్తే ఆగండి. అక్కడ సంతకం పెట్టకుండా నెలవారీ పొడిగింపు అడగండి, ఇచ్చే కంపెనీలు ఉన్నాయి.

గడువు. 36 నెలలు, 60 నెలలు అని రాస్తారు. 60 నెలలంటే 5 ఏళ్లు. గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తూ, ఉద్యోగం ఏ ఊరికి మారుతుందో తెలియనివాళ్లు 5 ఏళ్ల ఒప్పందం ఎందుకు పెట్టుకుంటారో నాకు అర్థం కాదు. ఇల్లు మారితే ఏమవుతుంది, రాష్ట్రం మారితే ఏమవుతుంది, మధ్యలో ఆపితే మిగతా నెలల డబ్బు ఎంత కట్టాలి, ఈ మూడిటికీ జవాబులు కాగితం మీద ఉండాలి. నోటిమాట లెక్కలోకి రాదు.

తెలుగులో మాట్లాడి అమ్మితే? కాలిఫోర్నియా సివిల్ కోడ్ 1689.7 ప్రకారం, ఇంటికి వచ్చి అమ్మేటప్పుడు మాటలు ప్రధానంగా ఏ భాషలో జరిగాయో, ఒప్పందం కూడా ఆ భాషలోనే ఉండాలి. ఈ నియమం ఫలానా భాషలకే అని లేదు. 1632వ సెక్షన్ అని ఇంకొకటి ఉంది, అందులో స్పానిష్, చైనీస్, టగాలోగ్, వియత్నమీస్, కొరియన్ అని అయిదు భాషలే ఉన్నాయి, తెలుగు లేదు. రెండిటినీ కలిపేసుకుని "మన భాషకు వర్తించదు" అనుకోకండి. మన ఊరివాడే వచ్చి, ఇంగ్లిష్ అంతగా రాని అత్తయ్యగారికి తెలుగులో చెప్పి ఇంగ్లిష్ కాగితం మీద సంతకం తీసుకుంటే, అది 1689.7 దగ్గర ప్రశ్నార్థకమే.

## 6. అప్పు కాగితం వేరు, మానిటరింగ్ కాగితం వేరు

"పరికరాలు ఉచితం" అన్నాక కూడా కొన్నిసార్లు పరికరాల ధర ఒక అప్పుగా మీ పేరు మీద పడుతుంది. మానిటరింగ్ ఒప్పందం అలారం కంపెనీతో ఉంటే, అప్పు ఒక బ్యాంకుతోనో ఫైనాన్స్ కంపెనీతోనో ఉంటుంది. మానిటరింగ్ ఆపినంత మాత్రాన అప్పు ఆగదు.

సంతకానికి ముందు అడగండి: నా పేరు మీద ఎన్ని ఒప్పందాలు తయారవుతున్నాయి? ఒక్కోదాంట్లో అవతలి పార్టీ ఎవరు? నా క్రెడిట్ రిపోర్టు తీస్తున్నారా?

క్రెడిట్ సంగతి ఊరికే అనడం లేదు. అలారం పెట్టించుకోనివాళ్లు కూడా దీనివల్ల దెబ్బతినొచ్చు. 2021లో వివింట్ స్మార్ట్ హోమ్ కంపెనీ 2 కోట్ల డాలర్లు కట్టి ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీకి వచ్చింది. కమిషన్ ఆరోపణ ఏమిటంటే, క్రెడిట్ సరిపోని కస్టమర్లకు అప్పు పుట్టించడానికి కొందరు సేల్స్ ప్రతినిధులు అదే పేరో దగ్గరి పేరో ఉన్న వేరే మనిషి క్రెడిట్ వాడారని. ఒకే వీధిలో ముగ్గురు శ్రీనివాసులు, ఇద్దరు లక్ష్ములు ఉండే మనవాళ్లు ఏడాదికి ఒకటి రెండు సార్లయినా క్రెడిట్ రిపోర్టు తెప్పించుకుని చూడటం మంచిది. తెలియని అలారం అప్పు కనిపిస్తే క్రెడిట్ బ్యూరోలకు అభ్యంతరం పంపండి.

## 7. మనసు మారితే రద్దు చేసుకోవడం

ఇంట్లో కూర్చుని పెట్టిన సంతకానికి చట్టం మూడు పని దినాలు ఇస్తుంది. మూడో రోజు అర్ధరాత్రి దాకా రద్దు చేసుకోవచ్చు. 65 ఏళ్లు, ఆపైన ఉన్నవాళ్లకు 2021 జనవరి నుంచి ఇది అయిదు పని దినాలైంది.

లెక్క తప్పకండి. శనివారం పని దినమే. ఆదివారం, నియమంలో పేర్కొన్న సెలవులు మాత్రం కావు. గురువారం సంతకం పెడితే శుక్ర, శని, సోమ. సోమవారం అర్ధరాత్రితో గడువు సరి.

- రద్దు ఫారం రెండు కాపీలు మీకు ఇచ్చి ఉండాలి. ఒకటి నింపి పంపండి, ఒకటి దాచుకోండి.
- ఫోన్‌లో చెప్పడం చాలదు. రాతలో, రుజువు ఉండేలా పంపండి. సర్టిఫైడ్ మెయిల్ మంచిది, దానితోపాటు ఈమెయిల్ కూడా పెట్టండి.
- కట్టిన డబ్బు 10 రోజుల్లో వెనక్కి ఇవ్వాలి.
- పరికరాలు మీరు పారేయకండి. వాళ్లు తీసుకెళ్లడానికి 20 రోజులు అందుబాటులో ఉంచాలి.
- అప్పు ఒప్పందం ఉంటే ఆ ఫైనాన్స్ కంపెనీకి కూడా విడిగా రాయండి.

రద్దు చేసుకునే హక్కు గురించిన నోటీసు మీకు చట్టం చెప్పినట్టు ఇవ్వకపోతే గడువు మొదలే కాదు. వాళ్లు సరిగ్గా ఇచ్చేదాకా రద్దు చేసుకునే హక్కు ఉంటుంది. "మూడు రోజులు దాటిపోయాయి కదా" అని నిరాశపడేవాళ్లు ముందు తమ కాగితాలు వెతుక్కోవాలి.

దీనికి పొంతనగా ఒక కిటుకు: బిగించే తేదీని మూడు రోజుల తర్వాతే పెట్టించుకోండి. సంతకం పెట్టిన గంటలోనే గోడకు రంధ్రాలు వేయాలని తొందరపెట్టేది, రద్దు చేసుకోవాలన్న ఆలోచన మీకు రాకుండా ఉండటానికే.

## 8. బిగించే రోజు

వచ్చేవాడు అమ్మినవాడు కాకపోవచ్చు. అతని కార్డు కూడా చూడండి. వేరే కంపెనీ పంపిన మనిషైతే ఆ కంపెనీ లైసెన్సు కూడా అడగండి.

అతను వెళ్లేలోగా ఇవి పూర్తవ్వాలి:

- ప్రతి తలుపూ కిటికీ తెరిచి, ప్యానెల్ మీద సరైన పేరే కనిపిస్తోందో లేదో చూడటం
- మానిటరింగ్ సెంటర్‌కు నిజంగా టెస్ట్ సిగ్నల్ పంపి, వాళ్లు ఫోన్ చేసేదాకా ఆగడం
- ఇన్‌స్టాలర్ కోడ్, ఫ్యాక్టరీ కోడ్ మార్పించుకోవడం; మీ కోడ్ అతను చూడకుండా మీరే పెట్టుకోవడం
- యాప్‌లో యజమాని అకౌంటు మీ ఈమెయిల్ మీదే ఉండటం
- ఫోన్ జాబితాలో మొదట మీరు, తర్వాత మీవాళ్లు, అక్షరాల స్పెల్లింగ్‌తో సహా
- మానిటరింగ్ సెంటర్ పేరు. చాలా కంపెనీలు ఈ పని బయటికి ఇస్తాయి. ఆ సెంటర్‌కు యూఎల్ 827 (మానిటరింగ్ సెంటర్ల కోసం ఉన్న ప్రమాణం) గుర్తింపు ఉందా అని అడగండి

జాబితాలో పేరు ఉన్న స్నేహితుడికి, మానిటరింగ్ సెంటర్ ఫోన్ చేసి అడిగే రహస్య పదం చెప్పడం మర్చిపోతే, మీరు విమానంలో ఉన్నప్పుడు మోగిన అలారాన్ని ఆయన ఆపలేడు.

## 9. సిటీ పర్మిట్: ఇది మీ పని

రాష్ట్రం కంపెనీని చూసుకుంటుంది. అలారం మోగితే పోలీసులు రావాలా వద్దా అన్నది ఊరి నిబంధనల్లో ఉంటుంది. లాస్ ఏంజెలెస్ లాంటి చోట్ల అలారానికి పోలీసు పర్మిట్ తప్పనిసరి. ఫ్రీమాంట్ పోలీసులు 2005లోనే వేరే దారి పట్టారు: నిజంగా ఏదో జరుగుతోందని ఎవరైనా చూసి చెప్పడమో, కెమెరాలో కనిపించడమో లేకుండా సెన్సర్ మోగినంత మాత్రాన రారు. పక్క ఊళ్లో ఉన్న స్నేహితుడి అనుభవం మీ ఊరికి పనికిరాదన్నమాట.

మీ సిటీ పేరుతో పాటు అలారం ఆర్డినెన్స్ అని వెతికి ఈ నాలుగింటికి జవాబులు రాసుకోండి:

1. పర్మిట్ కావాలా, రుసుం ఎంత, ఏటా కట్టాలా
2. ఏడాదిలో ఎన్ని ఫాల్స్ అలారాల తర్వాత జరిమానా మొదలవుతుంది
3. పర్మిట్ లేకుండా మోగితే జరిమానా వేరేగా ఉంటుందా
4. ధ్రువీకరణ లేకపోతే పోలీసులు వస్తారా

"మా కంపెనీ రిజిస్టర్ చేసిందట" అని ఊరుకోకండి. పర్మిట్ నంబరు మీ చేతికి రావాలి, దాన్ని మీరు మానిటరింగ్ కంపెనీకి ఇవ్వాలి. ధ్రువీకరణ అడిగే ఊళ్లో ఉంటే, కెమెరా లేని సిస్టం మీద నెలకు డబ్బు పోయడం దండగ.

## 10. సమస్య వస్తే

లైసెన్సు లేనివాడు బిగించాడని తర్వాత తెలిసింది. బీఎస్ఐఎస్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయండి. కాంట్రాక్టు, చెల్లింపు రుజువు, స్క్రీన్‌షాట్లు, మెసేజ్‌లు జతచేయండి. ఈలోగా అన్ని కోడ్‌లూ మార్చేయండి, యాప్‌లో తెలియని యూజర్లను తీసేయండి.

కెమెరా పని పాడుచేశారు. కాంట్రాక్టర్ లైసెన్సు కింద చేసిన పనైతే ఫిర్యాదు వెళ్లాల్సింది సీఎస్ఎల్‌బీకి.

డబ్బు గొడవ. బీఎస్ఐఎస్ లైసెన్సు మీద చర్య తీసుకోగలదు, మీ డబ్బు వసూలు చేసిపెట్టే పని దానిది కాదు. దానికి స్మాల్ క్లెయిమ్స్ కోర్టు ఉంది. వ్యక్తులు 12,500 డాలర్ల దాకా అడగొచ్చు, లాయరు అక్కర్లేదు.

కార్డు నుంచి డబ్బు పోతూనే ఉంది. రద్దు ఉత్తరం రుజువుతో బ్యాంకులో అభ్యంతరం పెట్టండి. ఊరికే కార్డు మూసేస్తే బాకీ కలెక్షన్‌కు వెళ్లి క్రెడిట్ పాడవుతుంది.

## 11. మీరే ఈ వ్యాపారం పెట్టాలనుకుంటే

ఇది అడిగేవాళ్లు తక్కువే, అయినా ఉన్నారు. వరస ఇదీ:

1. వ్యాపారాన్ని రాష్ట్రంలో నమోదు చేసుకోండి. సొంతంగా, భాగస్వామ్యంగా, కార్పొరేషన్‌గా, ఎల్ఎల్‌సీగా, ఎలాగైనా పెట్టొచ్చు. ఎల్ఎల్‌సీకి ఇన్సూరెన్స్ నియమాలు అదనం.
2. క్వాలిఫైడ్ మేనేజర్ ఒకరు ఉండాలి. అది మీరే కావొచ్చు, మీ ఉద్యోగి కావొచ్చు. 18 ఏళ్లు నిండి, ఈ రంగంలో 2 సంవత్సరాలు, అంటే 4,000 గంటల అనుభవం ఉండి, బీఎస్ఐఎస్ పరీక్ష పాసవ్వాలి.
3. యజమానులు, మేనేజరు లైవ్ స్కాన్‌లో వేలిముద్రలు ఇవ్వాలి.
4. ఏసీఓ లైసెన్సు చేతికి వచ్చాకే ప్రకటనలు, అమ్మకాలు.
5. ఇళ్లకు వెళ్లే ప్రతి ఉద్యోగినీ ఏజెంటుగా రిజిస్టర్ చేయించాలి. బ్రాంచి పెడితే దానికీ రిజిస్ట్రేషన్ ఉంటుంది.
6. కాంట్రాక్టు నమూనాను 7599.54తో పోల్చి చూసుకోవాలి.

ఎక్కువమంది జారిపడేది అనుభవం దగ్గర. సాఫ్ట్‌వేర్‌లో పదేళ్లు చేశామంటే అది ఇందులో లెక్కకు రాదు. అనుభవం ఉన్న మేనేజరును జీతానికి పెట్టుకోవడమే మార్గం.

ఇంకొకటి. కాంట్రాక్టర్ల చట్టంలో 2025 జనవరి నుంచి 1,000 డాలర్ల లోపు చిన్న పనులకు కొన్ని షరతులతో మినహాయింపు ఉంది. అది చూసి వారాంతాల్లో స్నేహితుల ఇళ్లకు అలారాలు బిగించి డబ్బు తీసుకోవచ్చనుకుంటారు. ఆ మినహాయింపు కాంట్రాక్టర్ల చట్టంలోది, అలారం కంపెనీ చట్టంలోది కాదు. హెచ్-1బీ మీద ఉంటే అసలు స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప బయట పని చేయకూడదు. పెట్టుబడి పెట్టడం వేరు, నిచ్చెనెక్కి పని చేయడం వేరు. దిగే ముందు ఇమిగ్రేషన్ లాయరును అడగండి.

## 12. వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు ఎక్కడ వెతకాలి

పద్ధతి ఇదే, ఆఫీసు మారుతుంది. అన్ని రాష్ట్రాల్లోనూ ఒకే రకం లైసెన్సు ఉండదు.

- టెక్సాస్: డిపార్ట్‌మెంట్ ఆఫ్ పబ్లిక్ సేఫ్టీలోని ప్రైవేట్ సెక్యూరిటీ ప్రోగ్రాం. ఇక్కడ చట్టం రికార్డు చేసే కెమెరా వ్యవస్థలను కూడా అలారం సిస్టం కిందే లెక్కిస్తుంది. ఫ్రిస్కో, ఇర్వింగ్ వైపు కెమెరాలు పెట్టించేవాళ్లు గమనించండి. ఫైర్ అలారాలు స్టేట్ ఫైర్ మార్షల్ పరిధిలోవి.
- జార్జియా: అలారం పని లో-వోల్టేజ్ కాంట్రాక్టర్ లైసెన్సు కిందికి వస్తుంది. కమింగ్, ఆల్ఫారెటా వాళ్లు అది అడగాలి.
- న్యూజెర్సీ: ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ల బోర్డు కింద ఫైర్ అలారం, బర్గ్లర్ అలారం, లాక్‌స్మిత్ కమిటీ ఉంది.
- వర్జీనియా: డిపార్ట్‌మెంట్ ఆఫ్ క్రిమినల్ జస్టిస్ సర్వీసెస్. అక్కడ దీన్ని ఎలక్ట్రానిక్ సెక్యూరిటీ అంటారు, వెతికేటప్పుడు అదే మాట కొట్టండి.